దుమ్ము, పొగ - పురుషుల చర్మరక్షణము



చర్మమును గూర్చి ఈ శీర్షికలో మనము పలుమారులు ముచ్చటించుకొంటిమి. సున్నిపిండి, శనగపిండి, పసుపు, మీగడ - వీని గుణదోషములను గూర్చి వ్రాసినదంతయు స్త్రీలను దృష్టియందుంచుకొని వ్రాసినదే. ఇంటిలోని మగవారి చర్మము సంగతి మనమును తలపెట్టలేదు, వారును తలపెట్టలేదు. "మగవాడికి మొహం నునుపెందుకు?" అని వారు నవ్వుదురు, మనమును నవ్వి ఊరకుందుము. ఈ మాసము ఆ నవ్వును కొంచెము ఆపి, దినమంతయు రహదారి దుమ్ములోను, బండ్ల పొగలోను తిరిగి ఇల్లు చేరు తండ్రుల, భర్తల, అన్నదమ్ముల, కుమారుల చర్మమును గూర్చి వ్రాయ దలచితిమి.

మార్గశిరమాసము ఇందుకు తగిన కాలము. చలిదినములలో నేలనంటి యుండు చల్లని గాలిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. అందుచేత పొగ పైకి పోజాలక ఊరిమీదనే నిలిచిపోవును. పట్టణములలో తెల్లవారుజామున మనకు కనబడు మసక యంతయు మంచే యనుకొనుట పొరపాటు.

మా వీధిలో ఆటో నడుపుకొని జీవించువారి కుటుంబ మొకటి కలదు. ఆ ఇల్లాలు కొన్నినెలల క్రిందట ఒకనాడు దిండుగలీబు నొకదానిని చేతబట్టుకొని మా యింటికి వచ్చెను.

"చూడండి పిన్నిగారూ! మొన్న శుక్రవారమే ఉడకబెట్టి ఉతికాను. నాలుగు రాత్రులకే ఇట్లా అయింది. నా దిండు తెల్లగానే ఉంది. ఆయనది మాత్రం పొయ్యి తుడిచిన గుడ్డలా తయారవుతోంది," అనెను.

"రాత్రి వచ్చిన తరువాత మొహం కడుక్కోడా?" అని అడిగితిమి.

"ఎక్కడండీ! వచ్చేసరికి పదకొండవుతుంది. తువ్వాలుతో ఒకసారి తుడుచుకొని అన్నం తింటారు. అట్లాగే ఒరిగిపోతారు. స్నానం పొద్దున్నే, బండి తీసేముందు."

ఆయన స్నానము చేయనివాడు కాడు. దినము తప్పక చేయును. కాని శుభ్రమైన మోముతో దుమ్ములోనికి పోవును. దుమ్ము పట్టిన మోముతో పక్క చేరును. పగలు పట్టిన మసిలో కొంత దిండు కెక్కినను, తక్కినది తెల్లవారువఱకు చర్మముననే యుండును. కావున ఆయనకు లోపించినది స్నానము కాదు. స్నానమునకు తగిన వేళ. మన యిండ్లలో అనేకుల వాడుక ఇట్టిదే. ఈ తారుమారును సరిదిద్దవలెనని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము.

ఆ ఇల్లాలి కష్టము గలీబుతో తీరినది కాదు. భర్తకు మెడవెనుకను, చెవుల క్రిందను నల్లని మచ్చలు, దురద బయలుదేరి యుండెను. చేతులకంటిన నూనెమసిని పెట్రోలు తడిపిన గుడ్డతో తుడుచుకొనుట ఆయనకు అలవాటు. ఆ గుడ్డతోనే మెడయు తుడుచుకొనెడివాడట. దురదకు మందులదుకాణములో అడిగి తెచ్చుకొన్న ట్యూబుమందును ఆరుమాసములు రాసికొనెను. మొదట మచ్చలు తగ్గినట్లే కనబడెను. పిమ్మట చర్మము పలుచబడి, ఎఱ్ఱనై, ఎండ సోకిన మండసాగెను. మందు మానినచో మునుపటికంటె అధికముగా పొక్కులు లేచెను. ఆ మంటతో వారమున రెండుదినములు బండి తీయలేక ఇంట కూర్చుండవలసివచ్చెను. ఏనాటి సంపాదన ఆనాటికే చాలు సంసారములో అది మోము నునుపును గూర్చిన మాట కాదు. బియ్యమును గూర్చిన మాట.

ఇక దుమ్మును పొగయు చర్మమును ఎట్లు బాధించునో చూతము. మన చర్మపు పైపొర ఇటుకగోడవంటిది. చచ్చిన కణములు ఇటుకలు. వాని నడుమ నుండు క్రొవ్వుపదార్థము సున్నము. ఈ గోడ గట్టిగా నున్నంతకాలము లోపలి తేమ బయటికి పోదు. బయటి విషము సులభముగా లోనికి రాదు. పట్టణపు గాలిలో తేలు రేణువులలో అతి సూక్ష్మములైనవి 2.5 మైక్రానులకంటె చిన్నవి. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులని చెప్పినచో వాని సూక్ష్మత మీకే తెలియగలదు. డీసెలు, పెట్రోలు, బొగ్గు, కట్టెలు, చెత్త - ఏది కాలినను ఇట్టి మసిరేణువులు పుట్టును. వీని నంటుకొని తారువంటి రసాయనములు కొన్ని యుండును. అవి నీటిలో కరగవు, నూనెలో కరగును. చర్మముమీది జిడ్డులో కరగి, మెల్లమెల్లగా లోపలికి దిగును. లోపల కణములకు అవి కలిగించు తాపమువలన నలుపు పుట్టించు కణములు రెచ్చి మచ్చలేర్పడును. చర్మమునకు బిగువునిచ్చు తంతువులు చెడి ముడతలు త్వరపడి వచ్చును. ఎండయు తోడైనచో ఈ రసాయనముల దుష్టత్వము ఇనుమడించును.

పురుషుల చర్మము స్త్రీల చర్మముకంటె కొంచెము దళసరి. అందుచేత దానికేమియు కాదని వారి ధైర్యము. కాని పురుషులలో నుండు గ్రంథిరసముల ప్రభావమువలన వారి చర్మమున జిడ్డు అధికముగా ఊరును. జిడ్డు అధికమైనచోట దుమ్ము అధికముగా పట్టును. ఇదిగాక, గడ్డము గీచుకొనునప్పుడెల్ల కత్తి వెండ్రుకలతోపాటు పైపొరను కొంత గీచివేయును. కంటి కగపడని గాట్లు పడును. కావున దళసరి గోడకు తామే ప్రతిదినము పగుళ్లు కల్పించుకొనుచున్నారన్నమాట.

జర్మనీదేశమున 70 మొదలు 80 సంవత్సరముల వయస్సుగల 400 మంది స్త్రీలను పరీక్షించి, 2010 వ సంవత్సరమున ఒక పరిశోధన ప్రకటించిరి. బండ్ల పొగలోని రేణువులు అధికముగా నున్న తావులలో నివసించినవారికి నుదుటను, చెక్కిళ్లయందును నల్లమచ్చలు సుమారు నూటికి 20 వంతులు హెచ్చుగా నున్నట్లు అందు తేలినది. అది స్త్రీలను గూర్చిన పరిశోధనయే. అయినను పురుషుల మోమును పొగ మన్నించునని తలచుటకు కారణ మేమియు లేదు. అందులో వీధినే వృత్తిస్థానముగా గలవారి మాట చెప్పవలసినదేమున్నది?

సాయంకాలపు స్నానము ఎంత పెద్దపని చేయగలదో తెలుపు నిదర్శన మొకటి చరిత్రలో కలదు. పూర్వము ఇంగ్లండులో పొగగొట్టములలోనికి చిన్న బాలురను ఎక్కించి మసి దులిపించుచుండిరి. వారు పెరిగి పెద్దవారైన పిమ్మట, బట్టల చాటున మసి నిలుచు చర్మపు మడతలలో ప్రాణాంతకమైన పుండు పుట్టుచుండెను. లండనునందలి శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775 లో ఈ పుండునకు మసియే కారణమని వ్రాసెను. ఒక వృత్తివలన కాన్సరు కలుగునని లోకమునకు తెలిపిన తొలి వ్రాతలలో ఇది యొకటి. 1892 లో హెన్రీ బట్లిన్ అను వైద్యుడు, ఐరోపాలోని ఇతర దేశములలో ఇదే పని చేయువారికి ఈ వ్యాధి అరుదుగా నుండుటకు కారణ మేమని విచారించెను. వారు దేహమంతయు కప్పు బిగుతైన దుస్తులు ధరించుటయు, పని ముగిసినంతనే చక్కగా కడుగుకొనుటయు కారణములని ఆయన కనుగొనెను. పిమ్మట 1915 లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావా యనువారు కుందేళ్ల చెవులకు తారు పలుమారులు పూసి, అట్టి పుండ్లు పుట్టుటను నిరూపించిరి. 1933 లో ఆ తారునుండి బెంజోపైరీను అను విషము వేఱుచేయబడినది.

ఆ బెంజోపైరీనే నేడు బండ్ల పొగలోను, కాలుచున్న చెత్తకుప్పలోను, సిగరెట్టు పొగలోను గలదు. ఇది చదివి ఎవరును బెదరవలదు. ఆ బాలురు మసిలో మునిగి, మసిగోతాములపైననే నిద్రించినవారు. మనవారి మోముననంటు మసి అందులో బహుస్వల్పము. మనము గ్రహింపవలసినది ఒక్కటే: మసి దేహమున నిలిచిన కొలది హాని, ఆనాటి మసిని ఆనాడే కడిగిన రక్షణ. ఖరీదైన పూతలు లేని కాలముననే మంచినీళ్లును, కప్పుకొనిన బట్టయు మనుష్యుల ప్రాణములను కాపాడినవి.

ఇక చేయవలసిన విధానము. ఇల్లు చేరినంతనే, అన్నమునకు ముందుగా, స్నానము చేయుట ఉత్తమము. అంత శక్తి లేనినాడు మోము, చెవుల వెనుక భాగము, మెడ, మోచేతులవఱకు చేతులు, పాదములు తప్పక కడుగవలెను. నీరు గోరువెచ్చనిదో, చన్నీరో చాలును. పొగలు గ్రక్కు వేడినీరు చర్మపు క్రొవ్వును కరగించివేయును. ఆరోగ్యవంతమైన చర్మమునకు కొంచెము పులుపు స్వభావము కలదు. బట్టల సబ్బు మిక్కిలి క్షారము. మోమును బట్టల సబ్బుతో రుద్దుకొను వాడుక మన మగవారిలో తక్కువేమియు కాదు. అది మానవలెను. మృదువైన స్నానపు సబ్బును అరచేత నురుగుచేసి, వ్రేళ్లతోనే రాసి కడిగిన చాలును. కొబ్బరిపీచు, గరుకురాయి, ముతక సున్నిపిండి - వీనితో గట్టిగా తోమినచో మసితోపాటు గోడయే రాలిపోవును.

నూనెలో కరగు మసిని నూనెతోనే వదలించుట తెలివి. మన పెద్దలు తలంటునకు ముందు నూనె రాచి నలుగు పెట్టుటలో ఈ సూక్ష్మమే యున్నది. చేతులకు మరనూనె, మసి గట్టిగా పట్టినప్పుడు రెండుచుక్కల కొబ్బరినూనె గాని, నువ్వులనూనె గాని రాచి, మెత్తని పాతగుడ్డతో తుడిచి, తరువాత సబ్బుతో కడుగవలెను. మొటిమలు గలవారు మాత్రము మోమునకు నూనె వాడరాదు. పెట్రోలు, కిరసనాయిలు, రంగులు కలుపు థిన్నరు - వీనితో చర్మమును ఎన్నడును తుడువరాదు. అవి మసిని వదలించుట నిజమే. చర్మమునకు కావలియున్న క్రొవ్వునుకూడ వదలించును. పెట్రోలులోని బెంజీను రక్తమునకు కీడుచేయు విషము. అది చర్మముగుండను లోనికి పోగలదు.

కడిగిన పిమ్మట తువ్వాలుతో రుద్దక, అద్దుకొనవలెను. చర్మము కొంచెము తడిగా నుండగనే వాజలైనో, పరిమళములేని సామాన్యమైన తేమపూతయో పలుచగా రాయవలెను. చలికాలమున ఇది మఱింత అవసరము. తువ్వాలు ఎవరిది వారికి వేఱుగా నుండవలెను. దిండుగలీబు వారమునకు రెండుమారులైన మార్చవలెను. బండి నడుపువారి హెల్మెట్టు లోపలి గుడ్డను ఊడదీసి ఉతుకవచ్చునేని ఉతుకవలెను. చెమటయు దుమ్మును కలసి, అది నుదుటిపై మొటిమలకు నెలవగుచున్నది.

పగటివేళ కప్పుకొనుటయే మొదటి రక్షణము. నిండుచేతుల నూలుచొక్కా, అంచుగల టోపి, మెడకు పలుచని నూలుగుడ్డ చాలును. ఎండలో నిలువవలసినవారు ఎస్.పి.ఎఫ్. 30 కి తక్కువకాని ఎండపూతను మోమునకును, మెడకును, చెవులకును రాచుకొని, రెండుగంటలకొకమారు మరల రాచుకొనుట మంచిది. ముక్కునకు కట్టుకొను జేబురుమాలు ముతకదుమ్మును ఆపును గాని సూక్ష్మరేణువులను ఆపజాలదు. ఊపిరితిత్తుల రక్షణకు ఎన్-95 ముసుగు వేయవలెను. బీడీ, సిగరెట్టు, చుట్ట త్రాగువారికి ఇంకొక మాట. రహదారి పొగ వారి చేతిలో లేదు. ఈ పొగ వారి చేతిలోనే యున్నది. చర్మమును ముడతలు పఱచుటలో ఇది దేనికిని తీసిపోదు.

తాపీపనివారి యిండ్లలో జ్ఞప్తియందుంచుకొనవలసిన దొకటి కలదు. తడిసిన సిమెంటు తీవ్రమైన క్షారము; చర్మమును కాల్చగలదు. అందులోని క్రోమియమువలన కొందఱికి జీవితాంతము విడువని దురదపొక్కులు కలుగును. రబ్బరు తొడుగులు వేసికొనుటయు, సిమెంటు అంటిన వెంటనే నీటితో కడుగుటయు, సిమెంటు తడిసిన బట్టను ఒంటిపై నుంచుకొనకుండుటయు వారి రక్షణములు. సాయంకాలమువఱకు ఆగుట వారి విషయమున పనికిరాదు.

ట్యూబుమందుల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. దురదకు, మచ్చలకు, తెలుపునకు అని దుకాణములలో ఇచ్చు పూతమందులలో అనేకములు స్టెరాయిడు కలిసినవి. వైద్యుడు చెప్పినచోట, చెప్పినన్ని దినములు వాడిన అవి మేలైన మందులే. తమంతతాము మాసములతరబడి మోమున రాసికొన్నచో చర్మము పలుచబడును, నెత్తురునాళములు పైకి కనబడును, మానినంతనే మంట రేగును. ఇట్టి పూతమందులను పెక్కింటిని వైద్యుని చీటీ లేక అమ్మరాదని 2018 లో కేంద్రప్రభుత్వము కట్టడిచేసినది. చీటీ అడుగని దుకాణము మన మేలు కోరినదని అనుకొనవలదు.

నాలుగువారములు గడచినను మానని పుండు, ఆకారమో రంగో మారుచున్న పుట్టుమచ్చ, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ - వీనిని దుమ్ముమీద నెట్టి ఊరకుండరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. స్పర్శలేని మచ్చ కుష్ఠువ్యాధికి తొలిగుర్తు కావచ్చును. దానికి ప్రభుత్వవైద్యశాలలలో మందు ఉచితముగా లభించును; ఆలసింపక వాడినచో పూర్తిగా నయమగును. మెడవెనుకను, వీపునను గల మచ్చలు వారి కంటికి అగపడవు. వానిని చూడగలిగినవారు ఇంటివారే.

ఇదంతయు చదివి, "పనులన్నీ చాలక మగవారి మొహాలు కడగడం కూడా మాకే వచ్చిందా?" అని కొందఱు సోదరీమణులు మమ్ము నిలదీయవచ్చును. వారి మాట న్యాయమైనదే. మేము చెప్పునది ఊడిగము కాదు. సబ్బు, చెంబు, తువ్వాలు ఉండుచోటు చూపి, ఆ పనిని వారి చేతికే అప్పగింపుడు. మీ కుమారునికి పది పండ్రెండేండ్ల నుండియే, బడి నుండి వచ్చినంతనే మోము కడుగుకొను అలవాటు చేయుడు. తన చర్మమును చూచుకొనుట మగతనమునకు కొఱతయని యెంచు వెఱ్ఱిని అతనికి అంటనీయకుడు.

మఱియొక మాట చెప్పకున్న ఈ వ్యాసము అసంపూర్ణమగును. ఇంటిలోని చెంబెడు నీళ్లు ఊరిలోని పొగను ఆర్పజాలవు. సూక్ష్మరేణువులు సంవత్సరపు సగటున ఘనమీటరు గాలికి 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 లో నిర్ణయించినది. మన దేశము 2009 లో ఏర్పఱచుకొన్న పరిమితి 40. ఈ రెండంకెల నడుమ నున్న దూరము తగ్గవలెనన్న ప్రభుత్వములును, పురపాలకసంఘములును పనిచేయవలెను. చేయదలచిన చేయవచ్చును. 2020 ఏప్రిలు 1 వ తేది నుండి దేశమంతట అమ్ముచున్న డీసెలులోను, పెట్రోలులోను గంధకము పదిలక్షల పాళ్లకు 50 నుండి 10 కి తగ్గించిరి. వీధిమూలను చెత్త తగులబెట్టినప్పుడు అడ్డుపడుట మాత్రము మనవంటి గృహిణులకును సాధ్యమే. ఆ పొగ మొదట సోకునది మన యిండ్లలోనివారికే.

ఆ ఆటో నడుపునాయన ప్రభుత్వవైద్యశాలకు పోయెను. అచటి చర్మవైద్యురాలు ట్యూబుమందును మాన్పించి, తగిన మందులిచ్చెను. పెట్రోలుగుడ్డ బండిలోనుండి మాయమయ్యెను. చర్మము కుదుటపడుటకు మూడుమాసములు పట్టెను; మెడమీది మచ్చలు తగ్గినవే గాని పూర్తిగా పోలేదు. ఇప్పుడు రాత్రి పదకొండు గంటలకు వారి పెరటిలో నీళ్ల చప్పుడు మాకు వినవచ్చుచుండును.

మొన్న ఆ ఇల్లాలిని గలీబు సంగతి అడిగితిమి.

"గలీబు తెల్లగానే ఉంటోందండీ. స్నానం చేసిన నీళ్లే నల్లగా పోతున్నాయి. ఇన్నాళ్లూ ఇదంతా ఒంటిమీద పెట్టుకునే నిద్రపోయారా అని తలచుకుంటే గుండె గుభేలుమంటుంది," అనెను.

సోదరీమణులారా! ఈ రాత్రి మీ యింట మగవారి దిండుగలీబు నొకమారు దీపమునకెదురుగా పట్టి చూడుడు. అది నల్లబడియున్నచో, దానిని వారికే చూపుడు.